కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టాక డిస్‌ప్లే రావట్లేదా? ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి

"కార్డు బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్‌లో మాత్రం నో సిగ్నల్. కార్డు పోయినట్టేనా?" కొత్తగా గ్రాఫిక్స్ కార్డు కొన్నవాళ్లు అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలా సందర్భాల్లో కార్డుకి ఏమీ అయి ఉండదు. మానిటర్ కేబుల్ వేరే పోర్టులో ఉంటుంది, లేదా పవర్ వైరు పూర్తిగా దిగి ఉండదు, లేదా కార్డు స్లాట్‌లో ఒక పక్క లేచి ఉంటుంది. ఆ తర్వాత బయోస్ (విండోస్ కంటే ముందు మదర్‌బోర్డ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగులు, ఆ తర్వాత డ్రైవర్ (విండోస్ కార్డును వాడుకోవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్). ఇవన్నీ దాటాకే కార్డును అనుమానించండి.

ఒక్క నియమం మాత్రం తప్పొద్దు. ఒకసారికి ఒక్కటే మార్చి, ఆన్ చేసి చూడండి. కేబుల్, ర్యామ్, బయోస్ మూడూ ఒకేసారి మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. వారం తర్వాత మళ్లీ అదే సమస్య వస్తే మొదటికొస్తారు.

ముందు మీ లక్షణం ఏదో తేల్చుకోండి

బటన్ నొక్కినా ఏమీ కదలకపోతే, లేదా ఫ్యాన్లు ఒక్క క్షణం తిరిగి ఆగిపోతే, నేరుగా 3వ మెట్టుకి వెళ్లండి. అది పవర్ సమస్య. ఫ్యాన్లు తిరుగుతూ డిస్‌ప్లే లేకపోతే 1 నుంచి వరసగా రండి. బయోస్ లోగో కనిపించి, విండోస్ లోడ్ అవుతుండగా తెర నల్లబడితే 6వ మెట్టు. అంతా బాగుండి, గేమ్ మొదలయ్యాక మాత్రమే ఆగిపోతుంటే 7వ మెట్టు.

తెర నల్లగా ఉన్నా లోపల విండోస్ నడుస్తోందో లేదో కీబోర్డుతో తెలుసుకోవచ్చు. ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగి నమ్‌లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే సిస్టమ్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే బయటికి రావట్లేదు. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది. స్పీకర్ ఉంటే చిన్న బీప్ వినిపిస్తుంది. కొన్నిసార్లు దీంతోనే తెర తిరిగొస్తుంది.

కావలసినవి

ప్లస్ స్క్రూడ్రైవర్, ఫోన్ టార్చి, పనిచేస్తుందని ఖాయంగా తెలిసిన ఇంకో హెచ్‌డీఎంఐ కేబుల్, ఒక పెన్‌డ్రైవ్. మీ మదర్‌బోర్డ్ మాన్యువల్ పీడీఎఫ్ ఫోన్‌లో దింపి పెట్టుకోండి. ఎస్‌ఎంపీఎస్‌తో (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) పాటు వచ్చిన కేబుళ్ల సంచి కూడా వెతికి తీయండి, అందులో వైరు చాలామందికి అవసరమవుతుంది. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే సదుపాయం) ఆన్‌లో ఉంటే రికవరీ కీని ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి చూసి కాగితం మీద రాసుకోండి. బయోస్ మార్చిన తర్వాత విండోస్ ఆ 48 అంకెలు అడగొచ్చు. అప్పుడు వెతుక్కుంటూ కూర్చోవడం నరకం.

క్యాబినెట్ తెరిచే ముందు షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ ఆపి, ప్లగ్ తీసేయండి. తర్వాత పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. కార్డు ముట్టుకునే ముందు క్యాబినెట్ లోపలి రంగు లేని ఇనుప భాగాన్ని చేత్తో తాకండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లు ప్రాణాంతకమైన వోల్టేజీని పట్టుకుని ఉంటాయి.

1. మానిటర్ కేబుల్ ఎక్కడ ఉందో చూడండి

క్యాబినెట్ వెనక యూఎస్‌బీ పోర్టుల పక్కన ఉండే హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డ్‌ది. కార్డుది దానికి కింద, అడ్డంగా వరసలో ఉంటుంది. కేబుల్ కార్డుకే పెట్టాలి. పాత కేబుల్‌ను అలవాటుగా పాత పోర్టులోనే వదిలేయడం అన్నిటికంటే మామూలుగా జరిగే పొరపాటు.

కార్డు పోర్టులకు ప్లాస్టిక్ మూతలు ఉంటే తీసేయండి. మానిటర్ మెనూలో ఇన్‌పుట్‌ను మీరు పెట్టిన పోర్టుకే మార్చండి, ఆటో మీద వదలొద్దు. మానిటర్ ముందు ఆన్ చేసి, తర్వాత సిస్టమ్ ఆన్ చేయండి. డిస్‌ప్లేపోర్ట్‌లో రాకపోతే హెచ్‌డీఎంఐలో, హెచ్‌డీఎంఐలో రాకపోతే డిస్‌ప్లేపోర్ట్‌లో చూడండి. ఒకే మానిటర్ చాలు, రెండోది ప్రస్తుతానికి పీకేయండి.

వీజీఏ మాత్రమే ఉన్న పాత మానిటర్లు మన ఇళ్లలో ఇంకా చాలా ఉన్నాయి. ఇప్పటి కార్డులేవీ అనలాగ్ సిగ్నల్ ఇవ్వవు. అందుకని డీవీఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న చవక ప్లగ్ పనిచేయదు. లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ టు వీజీఏ కన్వర్టర్ కావాలి. దాంతో కూడా కొన్ని మానిటర్లలో బయోస్ తెర కనిపించదు. సమస్య వెతికేటప్పుడు ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ పెట్టి చూడటమే నయం.

2. కార్డు తీసి, చూసి, మళ్లీ పెట్టండి

స్క్రూలు విప్పి, స్లాట్ చివర ఉన్న లాక్‌ను కిందికి నొక్కి, కార్డును నిటారుగా పైకి లాగండి. లాక్ వదలకుండా లాగితే స్లాట్ విరుగుతుంది. పెద్ద కార్డు కింద వేలు దూరకపోతే చెక్క స్కేలుతో లాక్ నొక్కొచ్చు, ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు, జారితే మదర్‌బోర్డ్ మీద గీత పడుతుంది.

బయటికి తీశాక టార్చితో చూడండి. బంగారు రంగు పళ్ల మీద రక్షణ తొడుగు అలాగే ఉందా? స్లాట్‌లో దుమ్ము, ఏదైనా ప్లాస్టిక్ ముక్క ఉందా? పళ్ల మీద వేలిముద్రలుంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని గుడ్డ తడిపి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. చెరిపే రబ్బరు పెట్టి రుద్దొద్దు, పైపూత పోతుంది.

మళ్లీ పెట్టేటప్పుడు ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్న పై స్లాట్‌లోనే పెట్టండి. లాక్ టక్కుమని పడాలి. పడ్డాక పక్కనుంచి చూడండి: పళ్ల అంచు స్లాట్‌కి సమాంతరంగా ఉండాలి. వెనకవైపు దిగి, ముందువైపు బియ్యపు గింజంత లేచి ఉన్నా సిగ్నల్ రాదు. అలా లేవడానికి కారణం తరచూ వెనక ఇనుప పట్టీ. దాని కింది నాలుకలు క్యాబినెట్ రేకుకీ మదర్‌బోర్డ్‌కీ మధ్య సందులోకి దిగాలి. రేకు మీద ఆగిపోతే కార్డు వాలుతుంది. స్క్రూ బిగించగానే కార్డు కదులుతోందంటే మదర్‌బోర్డ్ బిగింపే పక్కకి ఉందని అర్థం. దాని స్క్రూలు కొంచెం వదులు చేసి సర్దండి.

అనుమానం తీరకపోతే క్యాబినెట్‌ను పక్కకి పడుకోబెట్టి, కార్డు నిలువుగా నిలబడేట్టు పెట్టి ఆన్ చేయండి. అలా డిస్‌ప్లే వస్తే కార్డు బరువుకి వాలుతోంది. సపోర్ట్ స్టాండ్ పెడితే సరిపోతుంది. నిలువుగా బిగించే రైజర్ కేబుల్ వాడుతుంటే దాన్ని తీసేసి నేరుగా స్లాట్‌లో పెట్టి చూడండి.

3. పవర్ వైర్లు, ఎస్‌ఎంపీఎస్

ఇక్కడ తొందరపడితే కార్డు నిజంగానే కాలిపోతుంది, నిదానంగా చదవండి.

స్లాట్ నుంచి కార్డుకి అందేది గరిష్ఠంగా 75 వాట్లు. 6 పిన్ల వైరు ఇంకో 75, 8 పిన్లది 150 వాట్లు ఇస్తుంది. కార్డు మీద ఎన్ని సాకెట్లుంటే అన్నీ నింపాలి. రెండింట్లో ఒకటి ఖాళీగా వదిలితే కొన్ని కార్డులు ఫ్యాన్లు తిప్పుతాయి కానీ డిస్‌ప్లే ఇవ్వవు.

ప్రాసెసర్ వైరూ 8 పిన్లే, కార్డు వైరూ 8 పిన్లే. చూడటానికి ఒకేలా ఉంటాయి, లోపల ప్లస్ మైనస్‌లు మాత్రం తారుమారు. ప్రాసెసర్‌ది మధ్యలో సగానికి విడిపోతుంది, 4 ప్లస్ 4. కార్డుది 6 ప్లస్ 2గా విడిపోతుంది, దాని మీద పీసీఐఈ అనో వీజీఏ అనో అచ్చు ఉంటుంది. బలవంతంగా తోస్తే తప్ప దిగట్లేదంటే అది ఆ వైరు కాదు.

మాడ్యులర్ (వైర్లు ఊడదీయగల) ఎస్‌ఎంపీఎస్ అయితే దానితో వచ్చిన వైర్లే వాడండి. పాత ఎస్‌ఎంపీఎస్ వైరు కొత్తదానికి సరిగ్గా దిగినా, అదే కంపెనీది అయినా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్ల వరస వేరుగా ఉండొచ్చు. మంచి కార్డులు, హార్డ్ డిస్కులు మంటల్లో కలిసేది ఇలాగే.

సాటా (హార్డ్ డిస్కులకి కరెంటు ఇచ్చే) వైరును 6 లేదా 8 పిన్లకి మార్చే అడాప్టర్ వాడొద్దు. సాటా ప్లగ్ 12 వోల్టుల మీద 54 వాట్లకు మించి మోయలేదు, కరిగిపోతుంది. కొత్త 16 పిన్ల సాకెట్ ఉన్న కార్డు అయితే ప్లగ్ చివరిదాకా దిగి, చుట్టూ సందు కనిపించకుండా ఉండాలి. ప్లగ్ దగ్గరే వైరు వంచొద్దు, మూడు నాలుగు సెంటీమీటర్లు తిన్నగా పోనిచ్చాకే వంపు తిప్పండి. రెండు 8 పిన్ల సాకెట్లున్న పెద్ద కార్డుకి, ఒకే వైరు చివర రెండు తలలున్నది కాకుండా, విడివిడిగా రెండు వైర్లు లాగండి.

ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం సరిపోతుందా? ఆర్‌టీఎక్స్ 4060 తాగేది 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 7600 తాగేది 165 వాట్లు. రెండింటికీ తయారీదారులు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సూచిస్తారు. 200 వాట్ల ఆర్‌టీఎక్స్ 4070కి 650. అయితే డబ్బా మీది పెద్ద అంకెను నమ్మి ఊరుకోవద్దు. పక్కనున్న పట్టికలో ప్లస్ 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి 12తో గుణించండి. 450 వాట్లని అచ్చేసిన చవక ఎస్‌ఎంపీఎస్‌లో అక్కడ 18 ఆంపియర్లుంటే నికరంగా మీకు దక్కేది 216 వాట్లే. ప్రాసెసర్, కార్డు రెండూ అందులోంచే బతకాలి.

ఆఫీసుల్లో వాడి తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ కొన్నవాళ్లకి ఇంకో చిక్కుంది. వాటి ఎస్‌ఎంపీఎస్‌లు తరచూ చిన్నవి, కార్డు వైరు అసలే ఉండదు. అలాంటివాటికి బయటి పవర్ అక్కర్లేని కార్డులే సరి: 70 వాట్ల 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050, లేదా పవర్ సాకెట్ లేని రకం జీటీఎక్స్ 1650. క్యాబినెట్ సన్నటిదైతే లో ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) రకమే పడుతుంది, కొనేముందు కొలిచి చూసుకోండి.

4. మదర్‌బోర్డ్ ఏం చెబుతోందో చూడండి

చాలా మదర్‌బోర్డ్‌ల అంచున సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు బుల్లి లైట్లుంటాయి. ఆన్ చేశాక ఏది ఆరకుండా నిలిచిపోయిందో అదే నిందితుడు. వీజీఏ అయితే 2, 3 మెట్లు మళ్లీ చూడండి. డీర్యామ్ అయితే కార్డు నొక్కేటప్పుడు పక్కనున్న ర్యామ్ కదిలి ఉంటుంది. తీసి రెండు వైపులా టక్కుమనే దాకా మళ్లీ నొక్కండి. బూట్ లైటు అయితే కార్డుది తప్పు కాదు, డిస్కు కనిపించట్లేదు. లైట్లు లేని బోర్డులో బీప్‌లు లెక్కపెట్టి మాన్యువల్‌లో చూడండి.

ఇప్పుడు కార్డు తీసేసి, కేబుల్ మదర్‌బోర్డ్‌కి పెట్టి ఆన్ చేయండి. డిస్‌ప్లే వస్తే మిగతా సిస్టమ్ బాగున్నట్టే. కానీ ఈ పరీక్ష అందరికీ చెల్లదు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికి, ఉదాహరణకి 12400ఎఫ్‌కి, సొంత గ్రాఫిక్స్ లేదు. రైజెన్ 5600, 5600ఎక్స్‌లకీ లేదు, అదే 5600జీకి ఉంది. అది తెలియక మదర్‌బోర్డ్ కూడా పోయిందని భయపడేవాళ్లున్నారు.

5. బయోస్

డిస్‌ప్లే లేకపోతే ముందు సీమాస్ క్లియర్ చేయండి, అంటే బయోస్ సెట్టింగులను మొదటి స్థితికి తెండి. ప్లగ్ తీసి, మదర్‌బోర్డ్ మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ తీసి, ఐదు నిమిషాలాగి పెట్టండి. లేదా మాన్యువల్‌లో చూపిన రెండు పిన్లను కలపండి. డీడీఆర్5 సిస్టమ్‌లలో ఆ తర్వాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్ సర్దుబాటుకే కొన్ని నిమిషాలు పట్టొచ్చు. తెర నల్లగా ఉందని మధ్యలో ఆపేయకండి, పది నిమిషాలివ్వండి.

డిస్‌ప్లే వచ్చిందా, లేదా మదర్‌బోర్డ్ పోర్టు నుంచి వస్తోందా? అయితే డిలీట్ లేదా ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఇవి చూడండి. ప్రైమరీ డిస్‌ప్లే అనేది పీసీఐఈ లేదా పెగ్‌గా (రెండూ కార్డు స్లాట్ పేర్లే) ఉండాలి. స్లాట్ వేగం ఆటోలో తేడా చేస్తుంటే, ముఖ్యంగా పాత రైజర్ కేబుల్‌తో, జెన్ 3కి (పాత, తక్కువ వేగం) దింపండి. బోర్డు పాతదై కార్డు కొత్తదైతే తయారీదారు సైటు నుంచి బయోస్ అప్‌డేట్ పెన్‌డ్రైవ్‌లో వేసి చేయండి. ఆ సమయంలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోతుంది కాబట్టి యూపీఎస్ మీదే చేయండి.

రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం) కావాలంటే అబౌ 4జీ డీకోడింగ్ ఆన్ చేసి, సీఎస్ఎమ్ (పాత పద్ధతిలో బూట్ చేసే సదుపాయం) ఆఫ్ చేయాలి. ఇంటెల్ ఆర్క్ కార్డులకి ఇది లేకపోతే వేగం బాగా పడిపోతుంది, మిగతావాటికి ఉంటే మంచిది అంతే. జాగ్రత్త: మీ విండోస్ డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే సీఎస్ఎమ్ ఆపగానే బూట్ అవదు. కంగారు వద్దు, తిరిగి ఆన్ చేస్తే వస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్కు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, వాల్యూమ్స్‌లో ముందే చూసుకోండి. కొత్త జీపీటీ పద్ధతికి మార్చాలంటే విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం ఉంది, ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట దాచుకున్నాకే దాని జోలికెళ్లండి.

6. డ్రైవర్

కార్డు పెట్టాక తెర పెద్ద పెద్ద అక్షరాలతో వచ్చి, డివైస్ మేనేజర్‌లో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే కంగారు పడక్కర్లేదు, డ్రైవర్ వేయలేదంతే. ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ సైట్ల నుంచే దింపండి. "డ్రైవర్ అప్‌డేటర్" అని కనిపించే ఇతర సాఫ్ట్‌వేర్లేవీ వద్దు.

విండోస్ లోపలికి వెళ్తుండగా నల్లబడినా, డ్రైవర్ మధ్యలో ఆగినా, పాత కార్డు డ్రైవర్ అవశేషాలు అడ్డుపడుతుండొచ్చు. శుభ్రం చేసే పద్ధతి ఇది:

ముందు కొత్త డ్రైవర్‌నూ, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌నూ దింపి పెట్టుకోండి. తర్వాత ఇంటర్నెట్ ఆపండి. ఈ చిన్న పని మరిచిపోతే, మీరు తుడుస్తుండగానే విండోస్ అప్‌డేట్ తనకి దొరికిన డ్రైవర్ వేసేస్తుంది. షిఫ్ట్ నొక్కి రీస్టార్ట్ చేసి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. తెర కనిపించకపోతే, లోడ్ అవుతుండగా మూడుసార్లు పవర్ బటన్‌తో ఆపితే రికవరీ తెర దానంతటదే వస్తుంది. సేఫ్ మోడ్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌తో పాత డ్రైవర్ తుడిచి, రీస్టార్ట్ చేసి, కొత్తది వేసి, అప్పుడు ఇంటర్నెట్ ఆన్ చేయండి.

ఇంత చేసినా డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 (కార్డు లోపం చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసిందని అర్థం) వస్తుంటే కార్డును ఇంకో సిస్టమ్‌లో పెట్టి చూడండి. సెకండ్‌హ్యాండ్ కార్డులో అది వస్తే బయోస్ మార్చిన మైనింగ్ (క్రిప్టో కరెన్సీ తవ్వకానికి వాడిన) కార్డు అయ్యే అవకాశం ఉంది.

7. గేమ్‌లో ఆగిపోతుంటే

ఎలా ఆగుతోందో గమనించండి. సిస్టమ్ మొత్తం ఠక్కున ఆరిపోయి రీస్టార్ట్ అయితే ఎస్‌ఎంపీఎస్ లేదా యూపీఎస్. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ రాసుకునే చిట్టా) కెర్నల్ పవర్ 41 కనిపిస్తుంది, సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ అవకుండా ఆగిందని తప్ప అది ఇంకేమీ చెప్పదు. తెర నల్లబడి తిరిగొస్తే, ఆ చిట్టాలో డిస్‌ప్లే 4101 ఉంటే, డ్రైవర్ కుప్పకూలి లేచింది. ఓవర్‌క్లాకులన్నీ (వేగం పెంచే సెట్టింగులు) తీసేయండి, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీతో సహా.

ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉంటే ముందు దాన్ని అనుమానించండి. చాలావాటి మీద అసలు సామర్థ్యం 360 వాట్లని రాసి ఉంటుంది. కొత్త కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి గేమ్‌లో ఆ హద్దు దాటితే యూపీఎస్ కీచుమని కట్ చేస్తుంది. కరెంటు ఉన్నప్పుడు సిస్టమ్‌ను నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి ఆడి చూడండి. ఆగకపోతే దొంగ దొరికినట్టే.

ఇక వేడి. కూలర్ మీదా, వెనక పలక మీదా అంటించిన పారదర్శక కాగితం తీశారా? ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్లు తిరగకపోవడం లోపం కాదు, చాలా కార్డుల్లో 50, 60 డిగ్రీలు దాటాకే తిరుగుతాయి. మే నెలలో ఏసీ లేని గదిలో గేమ్ ఆడుతూ 80 డిగ్రీలు చూస్తే భయపడొద్దు. 85 దాటి అక్కడే ఉంటే క్యాబినెట్ పక్క తలుపు తీసి చూడండి. ఐదారు డిగ్రీలు తగ్గితే కార్డు బాగుంది, క్యాబినెట్‌లో గాలి ఆడట్లేదు. హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) మాత్రం కోర్ కంటే 30 డిగ్రీలకు పైగా ఎక్కువుంటే కూలర్ బిగింపులో లోపం. వారంటీ ఉండగా మీరు విప్పొద్దు.

గేమ్‌లో వచ్చే సన్నని కీచు శబ్దం కాయిల్‌ది. ప్రమాదం లేదు, ఫ్రేమ్‌ల హద్దు పెడితే తగ్గుతుంది.

సరిగ్గా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసి తెరవండి. బస్ ఇంటర్‌ఫేస్ పక్కన ప్రశ్న గుర్తు నొక్కి పరీక్ష నడిపి, అది నడుస్తుండగా చదవండి. ఖాళీగా ఉన్నప్పుడు కార్డు కరెంటు పొదుపు కోసం పీసీఐఈ 1.1 వేగానికి దిగి కనిపిస్తుంది, అది చూసి పొరబడుతుంటారు. ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 6600లు తయారీలోనే ఎక్స్8 (ఎక్స్ తర్వాతి అంకె స్లాట్‌లో వాడే డేటా దారుల సంఖ్య), ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఎక్స్4. ఎక్స్16 కార్డు ఎక్స్4 చూపిస్తే కింది స్లాట్‌లో పెట్టి ఉంటారు. ఎక్స్8 చూపిస్తే ఎం.2 డ్రైవ్ దారులు పంచుకుంటోందేమో మాన్యువల్‌లో చూడండి.

పేరు ముందు ఫేక్ అని వస్తే పాత చిప్‌కి కొత్త పేరు పెట్టి అంటగట్టారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ కొన్నా డబ్బు చెల్లించే ముందే ఈ ఒక్క పరీక్ష చేయించుకోండి.

తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొత్త కార్డు పెట్టాక 60లో ఉండిపోవడం మామూలే. చివరగా యూనిజిన్ హెవెన్ లాంటి ఉచిత పరీక్ష అరగంట నడిపి, పక్కన జీపీయూ-జెడ్ సెన్సర్లు తెరిచి పెట్టండి. తెర మీద చుక్కలు, గీతలు, మెరుపులు రాకూడదు, క్లాకు (చిప్ వేగం) ఉన్నట్టుండి సగానికి పడకూడదు. గేమ్‌లో జీపీయూ వాడకం 95 శాతం పైన ఉంటే కార్డు పూర్తిగా పనిచేస్తోంది. 50, 60 దగ్గరే తచ్చాడుతుంటే ఫ్రేమ్‌ల హద్దు ఏదీ లేదని చూసుకోండి. అది లేకపోతే ఆపుతున్నది ప్రాసెసర్, కార్డు మార్చినా లాభం లేదు.

ఎప్పుడు వాపసు ఇవ్వాలి?

బయోస్ తెర మీదే రంగు చుక్కలు, గీతలు ఉంటే, లేదా ఇంకో మంచి సిస్టమ్‌లో కూడా డిస్‌ప్లే రాకపోతే, ఇక వెతకొద్దు. కార్డే పోయింది. రిటర్న్ గడువు దాటకముందే అడగండి, ఆన్‌లైన్‌లో కొన్నవాటికి అది చాలా తక్కువ రోజులుంటుంది. సీరియల్ నంబర్ స్టిక్కర్, జీఎస్‌టీ బిల్లు, లోపం కనిపించే వీడియో మూడూ పెట్టండి. కార్డు పిన్లు, సాకెట్లు నాలుగు వైపుల నుంచీ ఫొటో తీశాకే పార్శిల్ కట్టండి, పిన్ను వంగిందనో కాలిందనో తిప్పి పంపితే మీ దగ్గర రుజువు ఉంటుంది. పెట్టె, యాంటీ స్టాటిక్ సంచి పారేయకండి. కూలర్ స్క్రూ మీది స్టిక్కర్ చిరిగితే వారంటీ ఇవ్వబోమని చాలాచోట్ల పేచీ పెడతారు కాబట్టి దాన్ని ముట్టుకోవద్దు.